మొదటి సున్నం

"ఆ రాయిని బండి మీద నుంచి దించొద్దు" అంది ఎలీసమ్మ.

గుమ్మంలోకి వచ్చిన కోడలితో అనే మాటేనా అది? కాన్పుకని పుట్టింటికి వెళ్ళిన పిల్ల, అయిదో నెల బిడ్డను చంకనేసుకుని, ఎండన పడి ప్రత్తిపాడు నుంచి బస్సులో వచ్చింది. ఏ అత్త అయినా ముందు మనవరాలిని అందుకుంటుంది. కాళ్ళకు నీళ్ళిస్తుంది. ఎలీసమ్మ గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి, వెనకాల ఆగిన ఒంటెద్దు బండి వంక చూస్తూ ముందు రాయి సంగతి ఎత్తింది.

దేవకుమారి నవ్వేసింది. రాయి బరువు చూసి హడలిపోతోంది కాబోలు అనుకుంది. పక్కింటి మాబన్న పని నుంచి వచ్చాక దించుతాడులే అని, పిల్లను అత్త చేతుల్లో పెట్టేసింది. ఎలీసమ్మ ఆ పిల్ల మొహంలోకి ఒక్కసారి చూసి తల తిప్పుకుంది. కళ్ళూ ముక్కూ అన్నీ పోయిన కొడుకు ఆదాంవే. చూడలేకపోయింది.

రాయి దాచేపల్లి రాయి. దేవకుమారి అన్న అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. బావ కోసమని ఒక మంచి పలక చూసి, నున్నగా తీయించి, 'ప్రభువునందు నిద్రించిన ఆదాం' అని చెక్కించి లారీ మీద పంపాడు. బస్సు దిగిన సెంటర్లో దింపుకుని, బండి మాట్లాడుకుని, రాయికీ పిల్లకీ ఎండ తగలకుండా ఒకే దుప్పటి కప్పి తెచ్చింది దేవకుమారి.

రేపు ఆదివారం. ఆదాం పోయి రేపటికి ఏడాది.

కిందటేడు పత్తికి మందు కొట్టే కూలికి పోయి, ఆ మందు వాసనతోనే ఇంటికి వచ్చి, వాకిట్లో కూలబడ్డాడు ఆదాం. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయేలోపలే అయిపోయింది. అప్పటికి దేవకుమారికి నెల తప్పిన సంగతి మొగుడికి చెప్పీ చెప్పనట్టుగా ఉంది.

బేతేలుపేటలో చావుకు సంబంధించి ఒక కట్టుబాటు ఉంది. మనిషిని మట్టిలో పెట్టాక ఏడాది తిరిగే వరకూ ఆ సమాధికి సున్నం వేయరు, సిలువ నాటరు, ఇటుక పేర్చరు. మట్టి కుప్ప మీద తుమ్మకంప కప్పి వదిలేస్తారు. మట్టి దిగాలంటారు. ఏడాది తిరిగిన రోజున పెళ్ళాం వెళ్ళి అరచేత్తో మొదటి సున్నం వేస్తుంది. పోయినవాడి తల్లీ తండ్రీ ఆ ఏడాదంతా సమాధుల తోటలో కాలు పెట్టకూడదు. కన్నవాళ్ళు బిడ్డ మీద మన్ను వేయకూడదు, ఆ పచ్చిమట్టిని చూడకూడదు. పెళ్ళాం సున్నం వేయడం పూర్తయ్యాకే వాళ్ళ వంతు. ఎవరు పెట్టారో, ఏం దుఃఖం చూసి పెట్టారో. దయతోనే పెట్టి ఉంటారు. ఆ దయే ఈ ఇంటిని ముంచింది.

ఇంట్లోకి అడుగు పెట్టగానే దేవకుమారికి తేడా తెలిసింది. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. అన్నం గిన్నె బోర్లించి ఉంది. పక్కింటి నసీమున్నీసా మూత పెట్టిన గిన్నె ఒకటి తెచ్చి గట్టు మీద పెట్టి, దేవకుమారి తల నిమిరి, ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఊళ్ళో కబుర్లన్నీ గుమ్మంలోనే దించి పోయే మనిషి నసీమా వదిన. మాట్లాడకుండా పోయిందంటే ఏదో ఉందన్నమాటే.

"మామ ఏడి?" అంది దేవకుమారి.

ఎలీసమ్మ పెరటి వైపు గడ్డం చూపించింది. దానయ్య రోటి మీద కూర్చుని ఉన్నాడు. సంఘ పెద్ద దానయ్య. గుళ్ళో ప్రార్థన చేస్తే వెనక వరసదాకా వినపడే గొంతు. కోడలు వచ్చిన చప్పుడు వినే ఉంటాడు. తల ఎత్తలేదు.

మామను ఆ వాలకంలో ఇదివరకు చూసింది దేవకుమారి. తండ్రీ కొడుకులు మాటలు మానుకున్న రోజుల్లో ఇలాగే కూర్చునేవాడు. కొత్త స్టేషన్ వస్తోంది, ముందర ఎనభై అడుగుల రోడ్డు పడుతుంది, బస్టాండు వస్తుంది, పేట లేచి కాలవ అవతలికి పోవాలని మున్సిపాలిటీవాళ్ళు చెప్పిన రోజున, సరే పోదామన్నది దానయ్యే. అక్కడ పెంకుటిళ్ళు కట్టిస్తామన్నారు, గుడికి స్థలం ఇస్తామన్నారు. వానకు కారే తాటాకు కింద తన తండ్రి బతికాడు, తను బతికాడు, పుట్టబోయే పిల్లలైనా పొడి నేల మీద పడుకోవాలని ఆయన ఆశ. ఆదాంకి అది నచ్చలేదు. కొట్లకు, పనికి, బడికి దగ్గరగా ఉన్న నేలను వదులుకుని చేలల్లోకి ఎందుకు పోవాలని వాడు పేటను కూడగట్టాడు. సంఘ కూడికలో అందరి ముందూ నిలబడి, మా నాన్న పేటను అప్పజెప్పేశాడు అన్నాడు. ఆ రోజు నుంచి దానయ్య కొడుకుతో మాట్లాడలేదు. వాడు పోయేదాకా మాట్లాడలేదు.

పోయాక మాట్లాడదామనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు గాని, రేపటి ఆదివారం కోసం ఏడాదిగా కాచుకుని కూర్చున్నాడు ఆ మనిషి. కోడలు సున్నం వేశాక తన వంతు వస్తుంది. అప్పుడు వాడి పక్కన కూర్చోవచ్చు. ఏం చెప్పాలనుకున్నాడో ఆ భగవంతుడికే తెలియాలి.

దేవకుమారి పిల్లను నులక మంచం మీద పడుకోబెట్టి, పెద్ద మూకుడు తీసి, సంచిలోంచి సున్నపు గుల్ల పోసి నీళ్ళు పోసింది. గుల్ల చిటపటలాడి ఉడకడం మొదలుపెట్టింది. పొగలు లేచాయి. ఆ ఇంట్లో అంతసేపూ వినపడ్డ చప్పుడు అదొక్కటే. ఎలీసమ్మ ఆ మూకుడు వంక చూస్తూ గోడకు ఆనుకుని నిలబడింది.

"ఇప్పుడెందుకమ్మాయ్ అది" అంది.

"రేపటికి చల్లారాలిగా అత్తా. వేడి మీద వేస్తే చెయ్యి బొబ్బలెక్కుద్ది. నేనిట్టా పోయి కంప తీసి, కాస్త చెత్త ఊడ్చి వస్తా. పిల్లని చూస్తుండు."

"ఎండగా ఉంది."

"ఎండేంటత్తా, ఇప్పుడు మబ్బు పట్టిందిగా."

"అన్నం తిని పో."

"వచ్చి తింటా."

"మాబు రానీ. తోడు తీసుకుని పోదువుగాని."

దేవకుమారి అత్త మొహంలోకి చూసింది. అప్పటికి అర్థమైంది, ఇది ఎండ గురించీ అన్నం గురించీ కాదని. మళ్ళీ ఆయనా నువ్వూ పోట్లాడుకున్నారా అని అడిగింది. పేట కదిలే రోజు దగ్గరపడింది కదా, అదే గొడవ అనుకుంది.

"మీ మామనే అడుగు" అంది ఎలీసమ్మ.

అని పెరటి వైపు తిరిగింది.

"చెప్పవయ్యా. ఆఫీసర్ల ముందు నోరు బాగానే లేచిందిగా. నీ కోడలు అడుగుతోంది, చెప్పు."

దానయ్య లేవలేదు. గురువారం నుంచీ ఆ ఇంట్లో ఇంతే. ఆవిడ అడుగుతుంది, ఆయన బదులివ్వడు. ఆవిడ పొయ్యి వెలిగించదు, ఆయన ఆకలనడు. నసీమున్నీసా తెచ్చిపెట్టిన గిన్నెలు ఎట్లా వచ్చినవి అట్లాగే తిరిగిపోతున్నాయి.

దేవకుమారికి విసుగొచ్చింది. రేపు ఏడాది పెట్టుకుని ఈ పంతాలేమిటని గొణుక్కుంటూ చీపురు తీసుకుని గడప దాటబోయింది. ఎలీసమ్మ చటుక్కున కోడలి కొంగు పట్టుకుంది. పిల్లలు పట్టుకున్నట్టు గుప్పిట బిగించి పట్టుకుంది.

"అక్కడ కంప లేదమ్మా" అంది.

"ఎవరన్నా పొయ్యిలోకి లాక్కుపోయారా? పోతే పోనీలే."

"కుప్ప కూడా లేదు."

"వానలకి దిగి ఉంటుంది. మంచిదేగా."

ఎలీసమ్మ తల అడ్డంగా ఊపింది. ఇంక ఆవిడ వల్ల కాలేదు. నోట్లో కొంగు కుక్కుకుంది. దేవకుమారి చేతిలోంచి చీపురు జారి కింద పడింది. ఇంకేమన్నా అడగడానికి భయం వేసింది. ఆ అడుగుతోనే గడప దాటి, రోడ్డు దాటి, సమాధుల తోట వైపు పరుగులాంటి నడకతో పోయింది. ఎలీసమ్మ పిల్లను ఎత్తుకుని వెనకాల పడింది. ఆ వెనకాల, ఎవరూ పిలవకుండానే, కాలు పెట్టకూడదన్నది మరచి, దానయ్య.

సమాధుల తోటకు ఇప్పుడు మూడు వైపులే గోడ. స్టేషన్ వైపు గోడ ఎప్పుడో పడగొట్టారు. సున్నం వేసిన సమాధులన్నీ ఎక్కడివక్కడ తెల్లగా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే తవ్వి, ఎముకలు తీసి, ప్రార్థన చేసి కాలవ అవతల కొత్త తోటలో పెట్టాలని సంఘమూ మున్సిపాలిటీ కలిసి చేసుకున్న ఒప్పందం. దిక్కూ మొక్కూ లేనివాటిని మటుకు చదును చేసి మట్టి ఎత్తుకుపోతారు. నలభై యాభై ఏళ్ళ కిందటి కలరా సమాధులు, బైట ఊళ్ళవాళ్ళవి, ఎవరూ రానివి చాలా ఉన్నాయి. అందులో తప్పేమీ లేదు. పేటంతా ఒప్పుకుంది.

వేపమొద్దు పక్కన మూలలో ఆదాం సమాధి. ఆ మూల మొత్తం ఇప్పుడు గొయ్యి. నిలువు లోతు గొయ్యి, బుల్డోజరు పళ్ళ గీతలతో. వేపమొద్దు కూడా వేళ్ళతో సహా పక్కకి దొర్లి పడి ఉంది. గొయ్యి అడుగున రాత్రి వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి.

దేవకుమారి గట్టు మీద నిలబడి చూసింది. ఏడవలేదు. ఇది కాదేమో, ఇంకో మూలేమో అన్నట్టు చుట్టూ చూసి, మళ్ళీ వేపమొద్దు వంకే చూసింది. మన్ను వేసింది తను. కంప కప్పింది తను. పొరపాటు పడడానికి లేదు.

మేస్త్రీ యలమందయ్య గొడుగు చంకలో పెట్టుకుని అటువైపు వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు. ఆడమనిషి గొయ్యి గట్టు మీద నిలబడితే జారిపడుతుందేమోనని వచ్చాడు. ఏమ్మా, ఎవరి తాలూకు అని అడిగాడు.

"ఇక్కడ మా ఆయన ఉండాలి" అంది దేవకుమారి.

యలమందయ్య తెల్లబోయాడు. ఈ మూలన సున్నమున్న సమాధి ఒక్కటీ లేదమ్మా అన్నాడు. సున్నం లేనివి దిక్కులేనివేనని మీ సంఘ పెద్దాయనే దగ్గరుండి చెప్పాడు, గేటు దగ్గర నిలబడి ఆఫీసరుగారికి వేలెత్తి చూపించాడు, కావాలంటే ఆయన్నే అడగండి అని వెనక్కి చూశాడు. అడగవలసిన మనిషి అక్కడే ఉన్నాడు.

దేవకుమారి వెనక్కి తిరిగింది.

"నువ్వా మామా?"

దానయ్య నోరు తెరిచాడు. ఆ పెద్ద గొంతు ఎటు పోయిందో, పక్కన ఉన్నవాళ్ళకి కూడా సరిగ్గా వినపడలేదు.

"లోపలికి పోకూడదుగా. గేటు కాడే నుంచున్నా. సున్నం వేసినయ్యి మనయ్యి, వెయ్యనియ్యి దిక్కులేనియ్యి అన్నా. ఆ మూలన వేపమొద్దు కాడ కుప్ప ఎవరిదని మళ్ళీ అడిగారు."

"ఏమన్నావు?"

"ఎవరూ లేరన్నా."

ఏమనుకుని అన్నాడో నేను చెబుతాను, ఆయన చెప్పుకోలేడు గనక. కొడుకు సమాధి ఎక్కడుందో ఆయనకు తెలియదు. పూడ్చిననాడు కట్టుబాటు ప్రకారం గేటు బయట తల వంచుకుని నిలబడ్డాడు. ఎలీసమ్మ అయినా ఆదివారం ఆదివారం గుళ్ళోంచి వస్తూ గేటు ఊచల్లోంచి ఆ మూలకు చూసుకునేది. చూడకూడదని తెలిసే చూసేది. అందుకే గురువారం సాయంత్రం మిరపకొట్లో తొడిమలు తీసి ఇంటికి వస్తూ, చోటు ఖాళీగా ఉందని గుర్తుపట్టి అక్కడే కూలబడింది. దానయ్య కట్టుబాటు తప్పని మనిషి. ఒక్కసారీ అటు చూడలేదు. కంప వానకు కొట్టుకుపోయి, కుప్ప దిగిపోయి, గడ్డి మొలిచిన ఆ మట్టిని ఆఫీసర్లు అడిగిన నాడు చూస్తే ఏ పాతకాలపు సమాధో అనిపించింది. కొత్త సమాధికి సున్నం ఉండదన్న సంగతి ఆయనకు తెలియదా? పేటలో ఎందరికి ఎన్నిసార్లు తనే చెప్పి ఉంటాడు. ఆఫీసర్లు అడుగుతుంటే, నలుగురూ చూస్తుంటే, పెద్దరికం మీద ఉన్నవాడికి ఆ ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. అంతే. ఇంత ఘోరానికి అంత చిన్న కారణం ఉంటే ఎట్లా అని మీకు కోపం వస్తే, నాకూ వచ్చింది.

ఎలీసమ్మకు మాత్రం ఆ కారణం ఆనలేదు.

"వాడు నీకు ఎదురుతిరిగాడని కడుపులో పెట్టుకున్నావు. బతికుండగా కొడుకు లేడనుకున్నావు. పోయాక కూడా అదే మాట అన్నావు" అంది.

"ఒట్టు ఎలీసమ్మా. నాకు తెలవదు."

"తెలుసుకున్నావా? ఏడాదిలో ఒక్కనాడన్నా, నా కొడుకు ఏ మూలనున్నాడని నన్ను అడిగావా?"

దానయ్య కట్టుబాటు అని చెప్పబోయి మానుకున్నాడు. చంకలో పిల్ల కదిలి ఏడుపు అందుకుంది. ఎలీసమ్మ పిల్లను భుజం మీద వేసుకుని అటు తిరిగి ఊపసాగింది.

అంతలో ట్రాక్టరు వచ్చి ఆగింది. నడిపేది మాబు సాహెబ్. నసీమున్నీసా మొగుడు, ఆదాంతో కలిసి పెరిగినవాడు. ఆదాం చనిపోయిన నెలలో దాచేపల్లి వైపు సున్నపురాయి తోలే పనిలో ఉండి పూడ్చే వేళకు అందలేకపోయాడు. ఇప్పుడు ఇక్కడ మట్టి తోలుతున్నాడు. దేవకుమారిని చూడగానే ఇంజను ఆపేసి దిగి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మాబన్నా, ఈ మట్టి ఎవరు తోలారు?"

"నేనే చెల్లెమ్మా."

"తెలిసేనా?"

"తెలిస్తే తోలతానా? వాడిని నేను తోలతానా?" అన్నాడు మాబు సాహెబ్. గురువారం బుల్డోజరు ఎత్తి పోస్తుంటే ట్రక్కు నింపుకుని పోయాననీ, ఎలీసమ్మ పిన్ని వచ్చి కూలబడ్డాకే తెలిసిందనీ, ఆ రాత్రి నుంచి కంటి మీద కునుకు లేదనీ చెప్పాడు. పనికి రాకుండా ఉండలేకపోయాడట. ఉంటే ఇంట్లో పిచ్చెక్కేట్టుందట.

"ఎక్కడ పోశావు?"

మాబు సాహెబ్ గడ్డంతో చూపించాడు. కొత్త స్టేషన్ వైపు.

ప్లాట్‌ఫారం పల్లంగా ఉందని రెండు వైపులా రాతిగోడ కట్టి మధ్యన మట్టి నింపారు. ఆ మట్టి మీద కంకర, ఆ మీద రోలరు, ఆ మీద పలకలు. రైలు తొందర మీద రాత్రింబవళ్ళు చేస్తుంటే పలకల పని కూడా అయిపోవచ్చింది. వచ్చే వారం మొదటి రైలు. ఇప్పటికే మామిడాకుల తోరణాలకని గుంజలు పాతుతున్నారు.

"ప్లాట్‌ఫారంలో ఎక్కడ?" అంది దేవకుమారి.

"ట్రక్కులన్నీ పొడుగునా పోసుకుంటూ పోయాం చెల్లెమ్మా. ఏది ఎక్కడ పడిందో ఎట్టా చెప్పను."

ఇదిగో, ఇక్కడ ఏడుస్తుందనుకున్నారు అందరూ. ఎలీసమ్మ ముందుకు కూడా వచ్చింది, పడిపోతే పట్టుకుందామని. దేవకుమారి ఏడవలేదు. రాతిగోడ వైపు, ఆ పొడుగునా, ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. అంత పొడుగు సమాధి ఎవరికి ఉంటుంది? ఆ స్టేషన్ వద్దని గొంతు చించుకున్నవాడిని తీసుకుపోయి ఆ స్టేషన్‌లోనే పోశారు. పోసింది స్నేహితుడు. పోయమని వేలు చూపించింది తండ్రి.

ఏడాది నుంచీ ఆ పిల్ల తనకు తాను చెప్పుకుంటూ వచ్చినది ఒక్కటే. మొగుడు దక్కలేదు, చోటన్నా దక్కింది. పిల్లను ఎత్తుకుపోయి, ఇదుగో ఇక్కడ మీ నాన్న అని చూపించుకోవచ్చు. ప్రత్తిపాడులో తల్లి, ఇక అక్కడికి ఎందుకు పోతావు, ఇక్కడే ఉండిపో అని పోరుతుంటే, ఆ చోటు కోసమే అత్తింటికి వస్తానని పట్టుబట్టింది. పెట్టెలో బట్టలన్నీ సర్దుకునే వచ్చింది.

"మామా" అంది.

దానయ్య తల ఎత్తాడు.

"పోయి సున్నం తీసుకురా."

"రేపు కదమ్మా ఏడాది" అన్నాడు. ఆ మాట ఎట్లా వచ్చిందో ఆయనకే తెలియదు. ఎలీసమ్మ చూసిన చూపుకు గిరుక్కున తిరిగి ఇంటి దారి పట్టాడు.

వేడి ఇంకా చల్లారని మూకుడును తలగుడ్డతో రెండు వైపులా పట్టుకుని తెచ్చాడు దానయ్య. వచ్చేసరికి అత్తా కోడలూ పిల్లతో ప్లాట్‌ఫారం తూర్పు చివర ఉన్నారు. పనివాళ్ళు ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. మాబు సాహెబ్ వాళ్ళ వెనకాల దూరంగా నిలబడ్డాడు.

దేవకుమారి అంచు మీద మోకాళ్ళూని కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టమంటావని ఎవరినీ అడగలేదు. కుడి చెయ్యి సున్నంలో ముంచి, రాతి అంచు మీద అరచెయ్యి ఆనించి లాగింది. చెయ్యి చుర్రుమని ఉంటుంది. పంటి బిగువున ఓర్చుకుంది. మళ్ళీ ముంచింది. మోకాళ్ళ మీదనే ముందుకు జరిగింది.

"చెయ్యి కాలుద్దమ్మా. నేను వేస్తా" అన్నాడు దానయ్య, వంగి.

"నువ్వు ముట్టుకోవద్దు" అంది దేవకుమారి. ఆయన వంక చూడకుండానే అంది. "మొదటి సున్నం నాది. నాది అయ్యాక మీది. కట్టుబాటు నీకు నేను చెప్పాలా మామా."

దానయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ జరిగినకొద్దీ మూకుడు ఎత్తి ముందుకు పెట్టడం మాత్రం చేశాడు. దానికి ఆవిడ అడ్డం చెప్పలేదు. అట్లా ముందు కోడలు మోకాళ్ళ మీద, పక్కన మూకుడుతో మామ, వెనక పిల్లను భుజాన వేసుకుని అత్త. దేవకుమారి పెదవులు కదులుతున్నాయి. ప్రార్థనో, మొగుడితో మాటలో. సగం దూరం వచ్చాక పిల్ల ఏడిస్తే, సున్నం చేతిని ఎత్తి పట్టుకుని, ఎడమ చేత్తో పిల్లను తీసుకుని ఆ పలకల మీదే కూర్చుని పాలిచ్చింది. "మీ నాన్న ఇక్కడే" అంది పిల్లతో. ఒక్కసారే అంది.

అప్పుడు ఏడ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది. పిల్ల పాలు మానేసి తల్లి మొహంలోకి చూసింది. ఎలీసమ్మ కోడలి తల తన ఒళ్ళోకి లాక్కుంది. దానయ్య మూకుడు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. దగ్గరికి రమ్మని ఎవరూ అనలేదు.

ఏడుపు అయ్యాక కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ఇంకొంచెం దూరం పోయిందో లేదో, మూకుడు అడుగు తగిలింది. గోళ్ళతో గీకి ఆ కాస్తా కూడా రాసింది. అక్కడితో సరి. అవతల ఇంకా బోలెడంత ప్లాట్‌ఫారం ఉంది, నల్లటి రాతి అంచు అట్లాగే మిగిలి ఉంది.

యలమందయ్య అటుగా వచ్చాడు. గోతి దగ్గర విన్న సంగతి, ఇక్కడ జరిగే పని ఆయన బుర్రలో కలవలేదు. ప్లాట్‌ఫారం అంచుకు తెల్లగీత పడడం చూసి మొహం విప్పారింది. నేను చెబుదామనుకుంటూనే ఉన్నాను, మీ పేటవాళ్ళే పెట్టుకున్నారా ఈ పని, బాగుంది అన్నాడు. చేత్తో ఎందుకు, కుంచెలు ఇప్పిస్తానన్నాడు. ఆఫీసర్లు వచ్చేలోగా అటువైపు అంచు కూడా వేయించండి అని దానయ్యతో అన్నాడు.

దానయ్య మూకుడు కింద పెట్టాడు.

"అటువైపు కూడా మా మట్టే పోశారా అండీ?" అన్నాడు.

అప్పుడు కలిసింది యలమందయ్య బుర్రలో. గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని మెల్లగా వెళ్ళిపోయాడు.

దేవకుమారి లేచి నిలబడింది. అరచెయ్యి ఎర్రగా పొంగింది. ఎలీసమ్మ చేతిలోంచి పిల్లను తీసుకుంది. మాబు సాహెబ్‌తో, బండిని ఇక్కడికి తోలుకు రమ్మని చెప్పన్నా, సాయంత్రం ప్రత్తిపాడు బస్సు ఉంది, రాయి మళ్ళీ వేసుకుపోతాను అంది. పెట్టడానికి చోటు చూపించండి, అప్పుడు తెస్తానంది.

"ఇంట్లో గుల్ల ఇంకా ఉందమ్మా. నానేస్తా. రేపు మిగతాది వేద్దువుగాని" అంది ఎలీసమ్మ. బతిమాలినట్టు కాదు, ఊరికే ఉన్న సంగతి చెప్పినట్టు అంది. ఆ మాత్రం గొంతే మిగిలింది ఆవిడకు.

దేవకుమారి అత్త చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలేసింది. మామ ముందు నుంచి, ఆయన అక్కడ లేనట్టే, నడుచుకుంటూ మెట్లు దిగింది. కింద వచ్చి ఆగిన బండిలో దాచేపల్లి రాయి మీద కప్పిన దుప్పటి సర్ది, దాని పక్కనే పిల్లతో ఎక్కి కూర్చుంది. బండి కదిలింది.

ఎలీసమ్మ బండి వెనకాల కొంత దూరం నడిచి, ఇంటి సందు రాగానే ఆగిపోయింది. గుల్ల నానెయ్యాలా వద్దా అని అక్కడే నిలబడి చూస్తోంది.

ప్లాట్‌ఫారం మీద దానయ్య ఒక్కడే మిగిలాడు. తెల్లగీత ఆగిపోయిన చోట ఖాళీ మూకుడు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. కోడలి సున్నం పూర్తికాలేదు. పూర్తయితే గాని తండ్రి వంతు రాదు. ముట్టుకోవడానికి వీల్లేదు, మాట్లాడడానికి వీల్లేదు. ఆయన చేతులు పొడిగానే ఉన్నాయి.